తెల్ల కోటు సాక్ష్యం

"ఈ ఇంట్లో తెల్ల కోటు ఎవరికుంది?" అని అడిగారు ప్లీడరుగారు.

హాల్లో ఉన్నది ముగ్గురే. సోఫాలో ఆయన, ఎదురుగా నిలబడ్డ కోడలు, కిటికీ పక్కన కుర్చీలో ఆయన భార్య. కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆమె కోటు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూనే ఉంది. అయినా అడిగారు. తనకు తెలిసిన సంగతి ఎదుటివాళ్ల నోటితో చెప్పించడం ఆయనకు కోర్టులో అలవాటు, ఇంట్లో సరదా.

"నాకే ఉంది మామయ్యా," అంది కోడలు.

రాత్రి ఆయన కూతురు ఇల్లు దాటింది. ఓడ మీద ఉద్యోగం వచ్చిందని ఎప్పటినుంచో పోరుతున్న పిల్ల. ఆడపిల్ల సముద్రాల మీద తిరగడమేమిటని ఆయన గేటుకు తాళం వేసి, తాళంచెవి అలమరలో దాచారు. ఎవరో దాన్ని తీసి, గేటు తెరిచి, పిల్లను సాగనంపారు.

ఓడ సాయంత్రం బయల్దేరుతుంది. ఏ రేవు నుంచో పిల్ల ఇంట్లో చెప్పలేదు. గేటు తీసినవాళ్లకు మాత్రం తెలిసే ఉంటుంది. వాళ్లు నోరు విప్పితే చాలు, ఆయన కారు తీసుకుని వెళ్లి ఆ పిల్లను రెక్క పట్టుకుని లాక్కొచ్చేస్తారు.

"రేవు పేరు చెప్పు. చెప్పకపోతే ఇవాళే నీ సామాను సర్దుకో."

కోడలు తల దించకుండా ఆయన వంకే చూసింది.

"నువ్వు కూడా చూడు," అని ప్లీడరుగారు, గుమ్మం పైనున్న కెమెరా రాత్రి తీసిన వీడియో పెట్టి ఫోను భార్య చేతికిచ్చారు. "చీకటి పడగానే ఈ కెమెరా రంగులు మానేసి, మన కంటికి ఆనని వెలుతురేదో వేసి చూస్తుంది. మనిషి దగ్గరికొస్తే ఆ వెలుతురు తనే తగ్గించుకుంటుంది. లేకపోతే మనిషి ట్యూబ్‌లైటులా వెలిగిపోయి ఏమీ తెలియదు. ఇప్పుడు చూడు, కోటు మడతలతో సహా ఎంత చక్కగా పడిందో."

నిజంగానే చక్కగా పడింది. కారు అడ్డం ఉండటంతో నడుం పైభాగమే కనిపిస్తోంది. తల మీద శాలువా, వీపు ఇటువైపు. గేటు దాటబోతూ పిల్ల ఆగి, ఆ తెల్ల కోటు మనిషిని గట్టిగా వాటేసుకుంది.

ప్లీడరుగారి భార్య ఆ ముక్క మళ్లీ వేసి చూసింది. తర్వాత కోడలి వంక చూసింది. ఆ తర్వాత ఆమెకు ఒళ్లు మండింది.

"ఇది తెల్ల కోటని మీకెవరు చెప్పారు?" అంది.

ప్లీడరుగారు తెల్లబోయారు. ఆ ఇంట్లో ప్రశ్నలు వేసే హక్కు ఇన్నేళ్లుగా ఆయనదే.

"కళ్లకు కనిపించడం లేదూ?"

"నాకు రోజూ కనిపిస్తూనే ఉంది. మీరు చీకటిపడ్డాక వస్తే ఈ కెమెరాలో చూసే కదా తలుపు తీస్తాను. పొద్దున నల్ల కోటేసుకుని వెళ్లిన మనిషి తెల్ల కోటుతో వస్తుంటాడు. లాయరు వెళ్లి డాక్టరొచ్చాడేమిటని నవ్వుకునేదాన్ని."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"అయితే పరీక్ష పెట్టండి. సాక్ష్యం లేనిదే ఏదీ ఒప్పుకోరుగా."

ఆమె లేచి, ఫోను ఆయనకిచ్చి, ఆయన నల్ల కోటునూ, మూలనున్న నల్ల గొడుగునూ పట్టుకుని వెళ్లి కెమెరా కింద నిలబడింది. ఆయన విసుగ్గా ఫోనులో రాత్రి చూపుకి మార్చారు. పైన కెమెరా టిక్కుమంది. బొమ్మలో రంగులు పోయాయి. గొడుగు నల్లగానే ఉంది. కోటు మాత్రం సున్నం కొట్టిన గోడలా తెల్లగా మారిపోయింది.

ప్లీడరుగారు ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు. కళ్లజోడు తుడుచుకున్నారు. కోటు నల్లబడలేదు.

"అనుమానముంటే ముద్దాయిని వదిలేయాలని మీరేగా అంటారు," అంది ఆమె లోపలికి వస్తూ. "ఈ పిల్లని వదిలేయండి."

"వదిలేస్తాను. మరి నా కోటు తొడుక్కుని గేటు తీసిందెవరు?"

కోడలు ఏదో చెప్పబోయింది. అత్తగారు చెయ్యెత్తి ఆపింది.

"నేనే."

"నువ్వా?"

"నేనే. నా కూతురు నాలా గుమ్మంలో నిలబడి బతుకు గడపకూడదని తీశాను. మళ్లీ తాళం వేస్తే మళ్లీ తీస్తాను."

ప్లీడరుగారు లేచి నిలబడ్డారు. "రేవు పేరు చెప్పు."

"చచ్చినా నా నోటినుంచి రాదు."

"సాయంత్రంలోగా చెప్పకపోతే..."

"నన్నూ సామాను సర్దుకోమంటారా? సర్దుకుంటాను. మీ మాత్రలెక్కడున్నాయో, మీ చొక్కాలెక్కడున్నాయో, రేపు కాఫీలో చక్కెర ఎంత వేసుకోవాలో మీ గుమాస్తాని అడిగి తెలుసుకోండి."

ప్లీడరుగారు ఏ మేజిస్ట్రేటు ముందూ ఇలా వెనక్కి తగ్గి ఉండరు. చివరికి తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. కారు తాళాలు సోఫాలోనే ఉండిపోయాయి.

ఆమె వంటింట్లోకి వెళ్లి గ్లాసుడు నీళ్లు గటగటా తాగింది. కోడలు వెనకే వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అత్తయ్యా" అని మాత్రం అనగలిగింది, ఆ తర్వాత ఏడుపే.

అత్తగారు ఆమె కళ్లు తుడిచి, గది తలుపు వంక ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"ఏడుపు తర్వాత, ముందు ఇది చెప్పవే, పిల్లని ఏ రేవుకి పంపించావు?"