పానా తాత

రిబ్బను కత్తిరించారు. కుళాయి తిప్పారు. నీళ్లొచ్చాయి.

గుంపులోంచి ఒక పెద్దావిడ మొదటి గ్లాసు పట్టుకుని ముందుకొచ్చింది.

అధికారి నవ్వుతూ చెయ్యి చాచాడు. గనుల కంపెనీ తరఫున ఈ కొండప్రాంతంలో మూడేళ్లుగా మంచినీళ్ల పథకం నడుపుతున్నది అతనే. ట్యాంకులకీ, మోటార్లకీ చెప్పులరిగేలా తిరిగిందీ అతనే.

ఆమె అతన్ని దాటుకుని వెళ్లి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ముసలాయన చేతిలో గ్లాసు పెట్టింది.

ఆ చేతులకి నల్లగా గ్రీజు.

చాచిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక అధికారి వాచీ చూసుకున్నాడు.

“ఎవరాయన?” డ్రైవర్ని అడిగాడు.

“పానా తాత సార్. ఎప్పుడూ చేతిలో పానా ఉంటుందని ఆ పేరు. వచ్చి ఎనిమిది నెలలైంది. పంపులు, కుళాయిలు బాగుచేస్తుంటాడు.”

“పనిలో ఎవరు పెట్టారు?”

“ఎవరూ పెట్టలేదు. ఊరికే చేస్తాడు.”

ఆ ‘ఊరికే’ అన్న మాట అధికారికి ముల్లులా గుచ్చుకుంది.

సాయంత్రం ఫోన్లో భార్యకి చెప్పాడు.

“గ్లాసుడు మంచినీళ్ల కోసం అలిగారా?” ఆమె నవ్వింది.

“నీళ్లు కాదు. చాకిరీ నాది, పేరు ఆయనది.”

“పోనీ, వెళ్లి ఓసారి మాట్లాడండి.”

“నేనెందుకు వెళ్లాలి? అవసరమైతే ఆయనే వస్తాడు.”

ఆయన రాలేదు. అధికారి కళ్లు మాత్రం ఎక్కడికెళ్లినా ఆయన్నే వెతికేవి.

పైపుకి నార చుడుతూ కూర్చునేవాడు ముసలాయన. పక్కన ఒకామె అల్లుడి మీద ఫిర్యాదులు చెప్పుకుంటుండేది. ఇంకొకామె మధ్యలో అందుకునేది. అందరూ నవ్వేవాళ్లు. అధికారి జీపు ఆగగానే నవ్వులు ఆగిపోయేవి.

అతను వస్తే కుర్చీ వేసేవాళ్లు. ఆయన వస్తే పక్కకి జరిగి చోటిచ్చేవాళ్లు.

ఆ తేడా అధికారికి అన్నం సహించనివ్వలేదు.

ఒకరోజు పంపుగదిలో ముసలాయన దొరికాడు. మోటారు విప్పి ముందేసుకున్నాడు.

“ఇది కంపెనీ మోటారు. ముట్టుకునే హక్కు మీకెవరిచ్చారు?”

“హక్కేం లేదండి.”

“అసలేం చదువుకున్నారు?”

“ఏదో చదివాన్లెండి. ఈ నీళ్లలో సున్నం ఎక్కువ. వాషర్లు ఏడాదికోసారి మార్చాలని మీ కాయితంలో ఉంది. ఇక్కడ నాలుగు నెలలకే పోతున్నాయి.”

అరచేతిలో పెట్టి చూపించాడు. రబ్బరు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది.

ఆయన చెప్పింది నిజం. మూడేళ్లలో తన కంటికి అది ఆనలేదు. తప్పు పట్టుకోవాలని వెళ్లిన అధికారికి ఒళ్లు మరింత మండింది.

ఆ రోజే హెడ్డాఫీసుకి ఉత్తరం రాశాడు. అనుమతి లేని వ్యక్తి కంపెనీ యంత్రాలు విప్పుతున్నాడనీ, ఏదైనా జరిగితే కంపెనీకి చెడ్డపేరనీ.

అందులో ఒక్క అబద్ధం లేదు. వాషర్ల సంగతీ లేదు.

నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. గార్డు వెళ్లి పంపుగదులకి కొత్త తాళాలు వేశాడు.

ముసలాయన ఎవరితోనూ వాదించలేదు. పనిముట్లు సంచిలో సర్దుకుని, పొద్దున బస్సుకి బయల్దేరాడు. ఊరు ఊరంతా బస్సు దాకా వెళ్లింది.

మలుపు తిరిగి బస్సు కనుమరుగయ్యే దాకా అధికారి ఆఫీసు కిటికీలోంచి చూశాడు. ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నాడు.

రెండు నెలల తర్వాత ఆ పెద్దావిడ ఊళ్లో మోటారు ఆగిపోయింది.

“వాషర్లు పోయి లోపలికి నీళ్లు దిగాయి. కొత్తది రావాలి, వారం పడుతుంది,” అన్నాడు హెడ్డాఫీసు మెకానిక్.

మూడోరోజు ఆడవాళ్లు బిందెలతో వాగులోకి దిగారు. అయిదోరోజుకి తొమ్మిది మంది వాంతులతో ఆసుపత్రిలో చేరారు. అందులో నలుగురు పసిపిల్లలు.

అధికారి జీపు దిగి పెద్దావిడ ఇంటికి నడిచి వెళ్లాడు.

“అమ్మా, ఆయన ఫోన్ నంబరుందా?”

“ఉంది సార్. మోటారు ఆగిన రోజే చేశాం. వాళ్లమ్మాయి ఎత్తింది.” అంది ఆమె. “నెలైందట పోయి. మంచంలో కూడా మా మోటార్ల గురించే అడిగేవాడట.”

అధికారి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె కుర్చీ తేబోయింది. వద్దన్నాడు.

“ఆయనంటే మీ అందరికీ ఎందుకమ్మా అంత ఇది?”

ఇప్పటికీ తన గొంతులో కుళ్లు తనకే వినిపించింది.

“మొదట్లో ఏం లేదు సార్. ఊళ్లోకే రానివ్వలేదు. నేనైతే మొహం మీద తలుపేశాను. రోజూ వచ్చి బయట నిలబడేవాడు.”

“ఎందుకని?”

“ముప్పై ఏళ్ల కిందట వేరే కంపెనీ ఒకటి ఇక్కడ ట్యాంకు కట్టింది. ఫొటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. ఏడాది తిరక్కుండా మోటారు కాలిపోయింది. ఉత్తరాలు రాశాం, రాశాం, ఒక్కరూ రాలేదు. మళ్లీ వాగు నీళ్లే. ఆ ఏడే నా పెద్దోడు పోయాడు. ఆరేళ్లు వాడికి.”

అధికారి ఆమె వైపు తిరిగాడు.

“దానికీ ఈయనకీ ఏంటమ్మా సంబంధం?”

“మీలాగే ఆ కంపెనీ తరఫున వచ్చి ట్యాంకు కట్టించి, మా ఉత్తరాలు చదివి పక్కన పడేసిన సారు ఆయనే బాబూ,” అంది ఆమె.