సీతయ్య ఇల్లు

రామక్క ఆ బుల్లి గుడిసెను రెండు వేళ్ళతో పట్టుకుని అట్ట మీద నుంచి పీకేసింది. కింద అంటించిన జిగురుతో పాటు కాస్త పచ్చరంగు పొడి కూడా ఊడి వచ్చింది.

"అవ్వా, ముట్టుకోకు" అంటూ సాహిత్య గది అవతలి నుంచి పరుగున వచ్చింది. అప్పటికే రామక్క ఆ గుడిసెను వాగు దాటించి, ఊరి నడుమ, ఊరిపెద్ద ఇంటి పక్కన పెట్టి అరచేత్తో మెల్లగా అదిమింది.

"మా ఇల్లు ఈడ, బిడ్డా. నువ్వు ఆడ పెట్టినవ్."

పాల్వంచలోని ఆ చిన్న సాంస్కృతిక కేంద్రంలో ఇంకో అరగంటలో ప్రదర్శన మొదలవుతుంది. యాభై ఏళ్ళ కిందట ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయిన నల్లమద్దిగూడెం గురించి సాహిత్య మాట్లాడాలి. ఆ ఊరిని మట్టితో, వెదురు పుల్లలతో ఒక పెద్ద అట్ట మీద మళ్ళీ కట్టడానికి ఆమెకు ఏడు నెలలు పట్టింది. ఇరవై మూడు ఇళ్ళు, ఒక బావి, ఊరి పక్క నుంచి పోయే వాగు. ప్రతి ఇంటి మీదా గుండుసూదికి కాగితం ముక్క అంటించి ఆ ఇంటాయన పేరు రాసింది. ఉపన్యాసం అవగానే ఊరి మీద అద్దాల పెట్టె దించి స్క్రూలు బిగించేస్తారు. ఆ తర్వాత ఇక మార్చడం ఉండదు.

సాహిత్య తన బ్యాగులోంచి పాత సర్వే పటం నకలు తీసి చూపించింది. వాగుకు అవతల ఒకే ఒక్క ఇంటి గుర్తు, దాని పక్కన సీతయ్య అని పేరు. సీతయ్య రామక్క తండ్రి. ఊరు మునగడానికి రెండేళ్ళ ముందు సర్వేవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి గీసిన పటమని, అందులో తప్పు ఉండదని నచ్చజెప్పబోయింది. రామక్క ఆ కాగితం వైపు చూడనే లేదు. తమ ఇంటి ముందే పొరుగు పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడేదాన్నని, బావి నాలుగడుగుల దూరమేనని, పక్కింట్లో జొన్నరొట్టె కాలిస్తే ఆ వాసన తమ ఇంట్లోకి వచ్చేదని చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. ఎన్నో ఏళ్ళు తనలో తాను చెప్పుకున్న మాటల్లా అవి వరుసగా వచ్చాయి.

అప్పుడు నీకెన్నేళ్ళని సాహిత్య అడిగింది. పదకొండో పన్నెండో అంది రామక్క.

సాహిత్యకు జాలి వేసింది, భయమూ వేసింది. పటం వదిలేసి ఒకరి మాట మీద ఒక ఇల్లు జరిపితే, రేపు ఇంకొకరు వచ్చి ఇంకో ఇల్లు జరపమంటారు. ముఖ్య అతిథిగా వస్తున్న పెద్దాయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాడు. ఆధారమేదని మొదటి ప్రశ్నే అడుగుతాడు. ఆమె గుడిసెను వెనక్కి తీయబోయింది. రామక్క దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

ములకలపల్లి వైపు నుంచి రామక్కతో పాటు ఆటోలో వచ్చిన పాత ఊరివాళ్ళు గోడ మీది ఫోటోలు చూస్తున్నారు. సాహిత్య వాళ్ళను పిలిచి అడిగింది. అప్పటికి తాము చంకలో పిల్లలమని ఇద్దరు తప్పుకున్నారు. చివరికి గోపాలు కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చాడు. ఊరిపెద్ద కొడుకు, అందరిలోకీ వయసు మీరినవాడు. ఊరు ఖాళీ చేసేనాటికే పెళ్ళయిన మనిషి.

ఆయన రావడం చూసి రామక్క చెయ్యి తీసేసింది.

గోపాలు వంగి ఆ ఊరిని చాలాసేపు చూశాడు. తన ఇంటిని చూశాడు. వాగుకు అవతల జిగురు ఊడిన మచ్చను చూశాడు. రామక్క తలెత్తలేదు.

"తాతా, మీరు చెప్పండి. సీతయ్య ఇల్లు వాగుకు అవతలనా, ఇవతలనా?"

"ఇవతలనే" అన్నాడు గోపాలు. "మా ఇంటి పక్కనే ఉండె. నడుమ దడి గూడ లేకుండె."

ఊరిపెద్ద కొడుకే చెప్పాక సాహిత్య ఇంకేమీ అడగలేదు. జిగురు సీసా తెచ్చి గుడిసెను కొత్త చోట గట్టిగా అంటించింది. వాగు అవతలి మచ్చ మీద ఇంత పచ్చపొడి చల్లింది. అక్కడ ఇల్లు ఉండేదన్న గుర్తే లేకుండా పోయింది.

ఉపన్యాసంలో ఆమె ఆ సంగతే చెప్పింది. కాగితాలకు తెలియనివి మనుషులకు గుర్తుంటాయని, పటంలో తప్పుగా పడ్డ ఒక ఇంటిని ఈ ఉదయమే దాని చోటికి చేర్చామని అంది. జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన ఆధారం అడగడం మాట అటుంచి, రామక్కను ముందుకు పిలిచి పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగాడు. ఆఖరి స్క్రూ బిగించేదాకా రామక్క అక్కడి నుంచి కదల్లేదు. తర్వాత అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి ఒకసారి చూసుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వెళ్ళి అందరికంటే ముందు ఆటోలో కూర్చుంది.

గోపాలు వెనక మిగిలాడు. సాహిత్య ఆయనకు దండం పెట్టి, మీరు రాకపోతే ఆ తప్పు పటమే నిజమని నలుగురికీ చెప్పేదాన్నని అంది.

"పటం తప్పేం గాదు, బిడ్డా" అన్నాడు ఆయన నెమ్మదిగా. "రామక్క తల్లికి కుష్టు ఉండె. ఊరు మునిగేదాంక వాళ్ళు వాగవతలనే ఉన్నరు. ఒక్కనాడు గూడ ఇవతలికి రానియ్యలే."

మరి ఇవతలే ఉండేదని ఎందుకు చెప్పారని సాహిత్య అడిగింది.

గోపాలు అద్దాల పెట్టెలో పక్కపక్కనే ఉన్న ఆ రెండు ఇళ్ళ వైపు చూశాడు.

"వాళ్ళను ఆడికి తోలింది మా నాయనే."