గొడుగు ఆనవాళ్లు

ఈ కొత్త ఊరికి వచ్చిన మర్నాడే, చనిపోయిన మా ఆవిడ గొడుగు పోగొట్టుకున్నాను. అప్పట్నుంచీ షాపు షాపుకీ వెళ్లి అడుగుతున్నాను.

"మాస్టారూ, మా షాపుకి మీరు రావడమే మొదటిసారి. ఇక్కడెలా మర్చిపోతారు?" అన్నాడు దర్జీ.

"వెళ్లిన చోట్లన్నీ వెతికేశాను. ఇక వెళ్లని చోట్లే మిగిలాయి."

అతను మిషన్ ఆపాడు. "సరే, ఆనవాళ్లు చెప్పండి."

"నీలం గొడుగు. చిరుగుని ఆవిడే ఎర్ర దారంతో కుట్టింది."

"నీలానికి ఎరుపా?"

"గుంపులో నేనెక్కడ తప్పిపోతానోనని ఆవిడ భయం."

ఇంతలో మా అమ్మాయి వచ్చింది. "నాన్నా, అది తలుపు వెనకే దొరికి వారమైంది కదా, ఇంకా అడుగుతున్నావా?"

దర్జీ నావంక చూశాడు. అమ్మాయికి స్టూలు జరిపాడు. "కూర్చో అమ్మా. మాస్టారు చెప్పడం ఇంకా అవలేదు."

ఎదురు వరసలో చెప్పుల కొట్టు, సెలూన్ ఉన్నాయి. అక్కడ ఇంకా అడగలేదు.