వీపు మీది గీతలు

ఆ రోజు పరీక్షలో మ్యాపు తాత కావాలనే కదిలాడా, లేక ఊరికే సర్దుకుని కూర్చున్నాడా?

ఈ సందేహం ఆమెను పదకొండేళ్లుగా వదల్లేదు.

దేవుడు ఎదురుపడితే వరాలేవీ అడక్కపోయినా, ఈ చిన్న సంగతి మాత్రం అడిగి తెలుసుకోవాలనుకునేది.

అప్పుడామె వ్యాయామ శాస్త్రం రెండో ఏడు చదువుతోంది. గురువారాలు శరీర నిర్మాణం క్లాసు. పుస్తకంలో ఎర్రగా బొమ్మ వేసి ఉన్న కండని, బతికున్న మనిషి ఒంటి మీద వేలితో వెతికి పట్టుకుని, పెన్సిల్‌తో గీత గీయాలి.

అందుకోసం ఒక ముసలాయన వచ్చేవాడు. చొక్కా విప్పి, మడతపెట్టి, వీపు పిల్లల వైపు తిప్పి స్టూలు మీద కూర్చునేవాడు. క్లాసు అయ్యేసరికి ఆ వీపు ఏరులూ దారులూ గీసిన మ్యాపులా తయారయ్యేది. మ్యాపు తాత అన్న పేరు అలా వచ్చింది.

ఆయన ఎవరో, ఎక్కణ్ణుంచి వస్తాడో ఎవరూ అడగలేదు. స్టూలు సంగతి ఎవరైనా అడుగుతారా?

చలికి వణికితే మాత్రం, గీత వంకరపోతోందని విసుక్కునేవాళ్లు.

"చేతులు కాస్త వెచ్చజేసుకుని పెట్టండర్రా. మనిషి వీపిది," అనేవాడు.

పిల్లలు నవ్వేవాళ్లు. ఆమె కూడా.

ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. అప్పటికే ఆమె ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానిపించేస్తానని నాన్న ఖరాఖండీగా చెప్పేశాడు.

ఎగ్జామినర్ సెరేటస్ చూపించమన్నాడు. చంక కింద పక్కటెముకల మీద రంపం పళ్లలా పాకి, భుజం వెనకున్న పలక ఎముక లేచిపోకుండా అదిమి పట్టే కండ అది.

బొమ్మలో అయితే ఆమె చటుక్కున చూపించేది. మనిషి మీద వేలు ఎక్కడెక్కడో తిరిగింది.

ఎగ్జామినర్ మార్కు వెయ్యడానికి పెన్ను మూత తీశాడు.

అప్పుడే తాత స్టూలు మీద కొద్దిగా కదిలాడు. ఎదురుగా ఉన్న బల్లకి అరచెయ్యి ఆనించి నెట్టాడు. చర్మం కింద ఆ కండ పళ్లు పళ్లుగా పైకి తేలింది.

ఆమె వేలు అక్కడికి జరిగింది.

పాసయింది.

ఎగ్జామినర్ వెళ్లిపోయాక తాత వెనక్కి తిరగకుండానే పిలిచాడు.

"అమ్మాయ్, ఈ గీతలు కాస్త తుడిచి పోమ్మా. నా చెయ్యి వెనక్కి అందదు."

వరండాలో స్నేహితురాళ్లు తొందర పెడుతున్నారు.

"ఇప్పుడే వస్తా తాతా," అంది.

వెళ్లలేదు.

సెలవులయ్యాక వచ్చి చూస్తే స్టూలు ఖాళీగా ఉంది.

ఇప్పుడు అదే గదిలో ఆమె పాఠం చెబుతోంది. సెరేటస్ దగ్గరికి వచ్చేసరికి ఏటా గొంతు కాస్త తగ్గుతుంది.

ఈ ఏడు ఒకాయన తనంతట తానే ఆఫీసుకి వచ్చి, పిల్లలు నేర్చుకోవడానికి తన ఒళ్లు పనికొస్తుందా అని అడిగాడట. యాభై ఏళ్లుంటాయి. చక్రాల కుర్చీ మనిషి. భుజాలు దిట్టంగా ఉన్నాయి. కాళ్లు మాత్రం చిక్కిపోయి, పెట్టినచోటే ఉన్నాయి.

పిల్లలు చుట్టూ మూగారు. ఎవరి వేళ్లో తగిలి ఆయన ఒళ్లు జలదరించింది.

"చేతులు కాస్త వెచ్చజేసుకుని పెట్టండర్రా," అన్నాడు.

ఆమె చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది.

బెల్లు కొట్టగానే పిల్లలు వెళ్లిపోయారు. ఆ మాట ఎక్కడ విన్నారని ఆమె అడిగింది. మా నాన్న మాటండీ, ఇక్కడికే వచ్చేవారు, పదకొండేళ్ల కిందట పరీక్షలయిన నెలకే పోయారు అని చెప్పాడు ఆయన.

ఇక దాచుకోలేక పరీక్ష సంగతి చెప్పేసింది. ఆ రోజు ఆయన కావాలనే కదిలారా అని అడిగింది.

ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పాడు.

"ఆ అమ్మాయి మీరేనా? కావాలనే కదిలారండి. ఇంటికొచ్చి భోజనం కూడా చెయ్యలేదు. తెలియని పిల్లని జాలిపడి గట్టెక్కించేశానురా అన్నారు. గీతలు తుడవమని మిమ్మల్ని పిలవడం కూడా, ఆ కండని మళ్లీ ఒకసారి దగ్గరుండి వెతికిద్దామనేనట. గదికి తాళం వేసేదాకా కూర్చున్నారట."

ఒకరి మీద జాలిపడ్డందుకు కూడా ఇంత బాధ ఉంటుందా భగవంతుడా అనుకుంది.

గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి తెచ్చింది. ఆయన వీపు మీది గీతలు పైనుంచి ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది.

ఒక్క కండ కోసం నాన్నగారికి అంత పట్టింపేమిటని మెల్లగా అడిగింది.

తను పంతొమ్మిదో ఏట బరువులెత్తేవాడినని చెప్పాడు. బరువుల కమ్మీ పైకెత్తినప్పుడల్లా కుడి భుజం వెనక ఎముక రెక్కలా లేచేదట. అలా ఎందుకు లేస్తోందో కోచ్‌కి తెలియలేదు. అలసటేలే, ఇంకొక్కసారి ఎత్తమన్నాడు. చెయ్యి పైన నిలవక కమ్మీ వెనక్కి జారి వెన్ను మీద పడింది.

చంక కింద చివరి గీత మిగిలింది. ఆయన కదలకుండానే ఆమె వేలు సరిగ్గా ఆ కండ మీద ఆగింది. ఒక్క క్షణం అలాగే ఉంచి, ఆ గీతా తుడిచేసింది.

"ఆ కోచ్‌ని మీరెప్పుడూ నిలదీయలేదా?"

"నిలదీయడం ఎందుకండీ," అన్నాడు చొక్కా అందుకుంటూ, "ఆ తర్వాత ఇరవై ఏళ్లు ప్రతి గురువారం ఇక్కడికొచ్చి, చొక్కా విప్పి, ఆ స్టూలు మీద కూర్చున్నారు కదా."