ఎర్ర సున్నా

టీవీలో మా అమ్మాయి చెయ్యి చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. కింద "చేతిలో బాంబు?" అని రాశారు. కూడబలుక్కుని చదివాను.

అది బాంబు కాదు, ఉల్లిపాయ. కుట్టు ఫ్యాక్టరీ మూసేశారని అందులో పనిచేసే ఆడవాళ్ళంతా, మా అమ్మాయితో సహా, రోడ్డెక్కుతుంటే, పోలీసులు కళ్ళు మండే పొగ వదుల్తారేమోనని నా గుండె పీచుపీచుమంది. ఉల్లిపాయ వాసన చూస్తే మంట తగ్గుతుందని ఎవరో అంటే, పొద్దున్నే ఒకటి దాని చేతిలో పెట్టాను.

"ఉల్లిపాయ ఏడిపిస్తుంది గానీ ఏడుపు ఆపుతుందటే అమ్మా?" అని నవ్వింది. నా పోరు పడలేక పట్టుకెళ్ళింది.

మధ్యాహ్నం పోలీసులు దాన్ని పట్టుకుపోయారు. సాయంత్రం టీవీ అబ్బాయి మా గుమ్మంలోకొచ్చాడు. దేవుడే పంపాడనుకున్నాను.

"నేనే ఇచ్చాను బాబూ, నా బిడ్డకేం తెలీదు. అది ఉల్లిపాయ నాయనా!" అంటూ వంటింట్లో ఉల్లిపాయల బుట్ట కూడా తెచ్చి చూపించాను. అతను "అలాగే మామ్మా" అని, మంచినీళ్ళడిగి తాగి మరీ వెళ్ళాడు.

గంట తర్వాత టీవీలో నా మొహం కనబడింది. "నేనే ఇచ్చాను బాబూ, నా బిడ్డకేం తెలీదు." అంతవరకే వేశారు. ఉల్లిపాయ మాట లేదు, బుట్టా లేదు.

నిన్న ఇదే టీవీలో ఎవరి పిల్లాడి చేతికో ఎర్ర సున్నా చుడితే, "ఏ తల్లి కన్నదో వీణ్ణి" అని నోరారా తిట్టాను.

ఆ పిల్లాడి చేతిలో ఏముందో ఇప్పుడు ఎవర్నడగను?