నైజీరియా వంట

"నా పొయ్యి మీద గా పిండి పడనియ్య!" అంటూ సౌభాగ్యమ్మ పీట గుంజుకుని పొయ్యికి అడ్డంగా కూర్చున్నది. "ఇంటికి మనిషొస్తే కోడి కొయ్యాలె, బగారన్నం వండాలె. నానబోసిన అలసందలు పెడితే మెదక్ పరువు ఉంటదా?"

కోడలు ఎలిశిబా చేతిలోని గిన్నె దించలేదు.

"అత్తమ్మా, కోడికూర హైదరాబాదుల పెట్టిండ్రు, సంగారెడ్డిల పెట్టిండ్రు. ఆయన ముట్టనే లేదట. రొట్టె, అరటిపండు తిని దినాలు ఎల్లదీస్తుండట. మనిషి పడిపోతడేమోనని చర్చి అయ్యగారు పరేషాన్ అయితుండ్రు."

ఆయన నైజీరియా నుంచి మన చర్చిలు చూడడానికి వచ్చిన అతిథి. ఆ మధ్యాహ్నం భోజనం వీళ్లింట్లోనే. ఎలిశిబా మిషను దవాఖానాలో నర్సు. అక్కడి డాక్టరమ్మ నైజీరియాలో చాలాకాలం పనిచేసి వచ్చింది. ఆ దేశంలో ఆడవాళ్లు వీధి పక్కన పొయ్యిలు పెట్టుకుని 'అకరా' అనే వంటకం ఎలా చేస్తారో ఆమె నోట విన్న ఎలిశిబా, సంఘంలో అందరి ముందూ లేచి, "ఆయనకు నేను వండిపెడత" అనేసింది. ఇప్పుడాయన తినకపోతే ఆదివారం చర్చికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

"ఏందే దాని పేరు? బకరానా?"

"బకరా కాదత్తమ్మా, అకరా."

"బకరా అయినా బాగుండు, మేకను కోయిస్తుంటి."

బడిపంతులు లాజరు ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ తొంగి చూశాడు. తల్లినీ భార్యనీ చూసి, "రెండూ చెయ్యిండ్రి. తినేటాయనే తీర్పు చెప్తడు" అని తప్పుకున్నాడు.

సౌభాగ్యమ్మకు ఆ మాట నచ్చింది. "సరే. కోడి ముట్టిండనుకో, ఇగ వంటింట్ల నా మాటకు ఎదురు చెప్పద్దు. నీ అకరా ముట్టిండా, తాళంచెవి నీ చేతుల పెడత."

ఎలిశిబా కొంగు బిగించింది. నానిన అలసందలను పిసికి పిసికి పొట్టంతా నీళ్లలో తేల్చి పారబోసింది. ఉల్లిగడ్డ, పండుమిరపకాయ వేసి రోట్లో మెత్తగా రుబ్బింది. చెయ్యి లాగేదాకా ఆ పిండిని గిలకొట్టింది. అది నురగలా పొంగాక గరిటెతో తీసి కాగిన నూనెలో జారవిడిచింది. ఒక్కొక్కటీ గుండ్రంగా ఉబ్బి బంగారు రంగుకు తిరిగింది. వాసన వాకిలి దాటింది.

"ఉప్పు సరిపోయిందో లేదో," అని సౌభాగ్యమ్మ ఒకటి నోట్లో వేసుకున్నది. తెలియలేదని ఇంకొకటి వేసుకున్నది.

వాన తుంపర పడుతుండగా బయట కారు హారన్ మోగింది. గుమ్మంలో ఆరడుగుల మనిషి, నల్లగా నిగనిగలాడుతూ, తెల్ల చొక్కాలో నిలబడి ఉన్నాడు. "వెల్కమ్ టు మెదక్, సార్!" అని లాజరు బంతిపూల దండ మెడలో వేశాడు. ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఏదో చెప్పబోయాడు.

"ఫస్ట్ ఈటింగ్, సార్! టాకింగ్ లేటర్!" అని ఎలిశిబా బల్ల ముందు కూర్చోబెట్టింది.

ఒక పక్క కోడికూర, ఒక పక్క అకరా. ఇంట్లో ముగ్గురూ ఆయన చేతినే చూస్తున్నారు. ఆయన కోడికూర వైపు ఒకసారి చూసి, చెయ్యి ఇటు చాపాడు. ఒక అకరా తీసి కొరికాడు. కళ్లు పెద్దవి చేశాడు. ఇంకొకటి తీసుకున్నాడు. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు.

మధ్యలో నోరు తెరిస్తే సౌభాగ్యమ్మ వేడివేడిది ఒకటి నోటికందించింది. "సల్లారుతయి, తిను కొడుకా. ఎంత ఆకలి మీదున్నడో పాపం! వీళ్లమ్మ చూస్తే ఎంత సంబరపడుతుండె!" అంటూ కళ్లు తుడుచుకుని, నడుముకున్న తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టింది. "నువ్వే గెలిచినవ్ బిడ్డా."

ఎలిశిబా దాన్ని కళ్లకద్దుకున్నది.

పళ్లెం ఖాళీ అయింది. ఆయన నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, రెండు చేతులూ జోడించాడు.

"మస్తున్నయి అమ్మా, అలసంద వడలు. జర కారం తక్కువైంది, గంతే."

లాజరు ఆయన ముఖంలోకి వంగి చూశాడు. "మీకు... తెలుగు..." అన్నాడు.

"నాది హైదరాబాదే సార్. ఏసీ గార్డ్స్ బస్తీల ఉంటం. మా ముత్తాతలు ఆఫ్రికా నుంచొచ్చి నిజాం ఫౌజుల పనిచేసిండ్రు. నా పేరు అస్గర్, మీ అతిథి కారు నడుపుత. చెప్పుదామని నోరు తెరిచినప్పుడల్లా ఈ అమ్మ వడ పెడుతుండె."

"మరి కోడి ఎందుకు ముట్టలేదు నాయనా?" అన్నది సౌభాగ్యమ్మ.

"హలాల్‌దో కాదో అడుగుదామనుకున్న, అడగనిస్తిరా?"

సౌభాగ్యమ్మ చెయ్యి మెల్లగా కోడలి చేతిలోని తాళంచెవి వైపు సాగింది. ఎలిశిబా పిడికిలి బిగించి, "మా అతిథి ఏడీ? ఇయ్యాల గూడ పస్తేనా?" అని గాబరాగా అడిగింది.

అస్గర్ మెడలోని దండ తీసి బల్ల మీద పెట్టి, సిగ్గుపడుతూ లేచాడు.

"గదే చెప్పనీకొచ్చిన అమ్మా. బస్టాండ్ కాడ నిప్పుల మీద కాల్చే మక్కకంకులు చూసి, మా ఊళ్లె గూడ వానలల్ల గివే తింటమని సారు కారు దిగిండు. కడుపు నిండ తిని, ఇప్పుడు గా కంకులామెను పక్కకు కూసోబెట్టి తనే ఇసురుకుంట కాలుస్తుండు, మీకు మూడు తీసిపెట్టిండు, సల్లారకముందే రమ్మన్నడు!"