స్కూటరుకి స్వెట్టరు

తెర మీద ఫోటో మారినప్పుడల్లా డ్రైవింగ్ మాస్టారి కాలు నేలని గట్టిగా తొక్కుతోంది. కారు నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికే మనిషికి అది అలవాటే. ఇక్కడ తొక్కడానికి బ్రేకు లేదన్నదే ఆయన బాధ.

తప్పంతా ఆయనదే. ఏడాది పొడుగునా టికెట్లు తీయడానికీ బిల్లులు కట్టడానికేనా ఇంట్లో కంప్యూటరు, క్రిస్మస్‌కి ఇంటిల్లిపాదినీ నవ్వించకూడదా అని వారం రోజులుగా ఊదరగొట్టాడు. పొద్దున్నే అందరి ఫోన్లూ అడిగి తీసుకుని, వాటిలో ఉన్న ఫోటోలన్నీ కలిపి కంప్యూటర్లోకి ఎక్కించాడు. వెనక పండగ పాటలు, చుట్టూ మంచు రాలుతున్నట్టు హంగులు. ఏ ఫోటో ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు, ఒకసారి వచ్చింది మళ్ళీ రాదు, అదే మజా అని గొప్పలు కూడా పోయాడు. ఆ ఫోన్లలో తన ఫోనూ ఉందని, అందులో ఆ ఫోటో ఉందని, అందరూ కుర్చీలు లాక్కుని కూర్చున్నాక గుర్తొచ్చింది.

కిందటి క్రిస్మస్‌కి అత్తగారు ఎర్ర స్వెట్టరు ఒకటి ఇచ్చింది. స్వయంగా అల్లానంది. వేసుకుంటే ఒళ్ళంతా ఒకటే దురద. రెండ్రోజులు ఓర్చుకుని, మూడోరోజు దాన్ని పాత స్కూటరుకి తొడిగి, స్వెట్టరు చేతులు రెండూ హ్యాండిలుకి ముడివేసి, ‘పాపం, దీనికి చలేస్తోందట’ అని స్నేహితుడికి ఫోటో పంపాడు. అత్తగారికి మాత్రం దండెం మీద ఆరేస్తే ఎవరో ఎత్తుకుపోయారని చెప్పాడు.  పోనీలెండి బాబూ, ఇంకోటి అల్లుతాను అంది ఆవిడ.

ఆ ఇంకోటే ఇప్పుడు ఆవిడ ఒళ్ళో ఉంది. కంప్యూటరు బల్ల పక్కనే కుర్చీ వేయించుకుని, సూదులు పట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఆ స్కూటరు ప్రత్యక్షమైతే ఆ ముఖం ఎలా అయిపోతుందో ఊహించుకుంటేనే మాస్టారికి గుండెల్లో రాయి పడుతోంది. భార్య పెట్టే చీవాట్లు తర్వాతి సంగతి. పెద్దావిడ మనసు విరిగితే మళ్ళీ అతికించడం ఆయన తరం కాదు.

ఫోటో మారింది. మామగారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. అందరూ పగలబడి నవ్వారు. మళ్ళీ మారింది. బావమరిది కొత్త కారు, దానికి పడిన కొత్త సొట్ట.

“కంప్యూటరు వేడెక్కుతున్నట్టుంది. కాసేపు ఆపుదామా?” అన్నాడు మాస్టారు.

“వారం నుంచి చెవిలో జోరీగలా చెప్పి చెప్పి, ఇప్పుడు ఆపుతారా? కూర్చోండి,” అంది భార్య.

పోనీ భోజనాలు చేసేద్దామన్నాడు. విచిత్రంగా అత్తగారు కూడా వంత పాడింది. అన్నీ చల్లారిపోతాయి, లేవండర్రా అని రెండుసార్లు అంది. ఒక్కరూ కదల్లేదు. మౌసు పట్టుకుని కూర్చున్న బావమరిదైతే తల కూడా తిప్పలేదు.

ఇంతలో కింద వీధిలో బ్యాండు మోగింది. పాటల బృందం వస్తోందంటూ భార్య అందరినీ బాల్కనీలోకి తోలింది. ఇదే అదనని మాస్టారు వెనక్కి తగ్గబోయాడు గానీ, మామగారు ఆయన భుజం ఆసరా చేసుకుని మరీ నడిపించుకుపోయారు. మోకాళ్ళ నొప్పులని అత్తగారు ఒక్కతే లోపల ఉండిపోయింది. బ్యాండు సాగినంతసేపూ మాస్టారి చెవులు గదిలోనే ఉన్నాయి. తిరిగొచ్చి చూస్తే తెర మీద ఎవరిదో పిల్లి. అత్తగారి ముఖం మామూలుగానే ఉంది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అంటే ఇంకా రాలేదన్నమాట. ఆ మాట అనుకోగానే లేచొచ్చిన ప్రాణం కాస్తా మళ్ళీ జారిపోయింది. ఇంకా రాలేదంటే ఇక రాబోతోందన్నమాటేగా.

“మరీ నత్తనడకగా ఉంది బావా,” అంటూ బావమరిది ఏదో నొక్కాడు. ఫోటోలు పరుగందుకున్నాయి. మాస్టారి కాలు నేల మీద టపటపా కొట్టుకుంటోంది. అత్తగారి చేతిలో సూదులు కదలడం లేదు. అసలు కూర్చున్నప్పటి నుంచీ ఆవిడ ఒక్క వరుస కూడా పెంచలేదని మాస్టారు అప్పుడు గమనించాడు. పాపం, ఫోటోల్లో పడిపోయింది కాబోలు అనుకున్నాడు. అలా రెప్పవేయకుండా చూస్తున్న మనిషి కంట స్కూటరు పడకుండా ఎలా ఉంటుంది?

ఇక ఆగలేకపోయాడు. చేతిలోని కారు తాళాలు కావాలనే జారవిడిచి, తీసే నెపంతో బల్ల కిందకి దూరాడు. వైర్లన్నీ గుచ్చిన స్విచ్చుబోర్డు నేల మీదే ఉంది. ఎర్రదీపం వెలుగుతోంది. చెయ్యి చాచాడు.

ఆయన వేలు తగలకముందే టక్కుమంది. దీపం ఆరింది, పాట ఆగింది. పైన అందరూ ఒక్కసారిగా అయ్యో అన్నారు. చూస్తే స్విచ్చు మీద ఒక కాలి బొటనవేలు ఉంది. ఆ కాలు అత్తగారిది.

కింద పడిన ఉన్ని ఉండ కోసమన్నట్టు ఆవిడ మెల్లగా బల్ల కిందకి వంగింది. అల్లుడి మొహంలోకి చూసి, గొంతు బాగా తగ్గించింది.

“మీ స్కూటరు ఇందాక అందరూ బాల్కనీలో ఉన్నప్పుడే వచ్చి వెళ్ళిపోయింది బాబూ. ఇక రావలసింది, ఆ స్వెట్టరు నేను కొన్న షాపులో తీసిన ఫోటో.”